అలకనంద గట్టున శ్రీనగరము

తెలుగు విద్యార్థికి హిమాలయము మొదట పరిచయమగుట అల్లసాని పెద్దన మనుచరిత్రమువలన. సిద్ధుడొసగిన పాదలేపము మహిమచే అరుణాస్పదపురమునుండి ప్రవరుడు పోయి చూచిన కొండ అది. మంచు తగిలి ఆ లేపము కరగిపోవుటయు, ఇల్లు చేరు దారి తెలియక ఆ బ్రాహ్మణుడు తిరుగులాడుటయు తరగతి గదులలో ఏటేట వినబడు కథయే. ఆ హిమాలయములో శిఖరములున్నవి, సెలయేళ్లున్నవి, ఒక అప్సరస యున్నది. ఊరు మాత్రము లేదు. సంత లేదు. వాన కురిసిన రాత్రి ఏరు ఎంత పెరిగినదో చూచుటకు లాంతరు పట్టుకొని గట్టునకు వచ్చు మనిషి లేడు. కావ్యమునకు అతనితో పనిలేదు. కాని కొండల పాదముల చెంత నదిని ఆనుకొని బ్రదుకు చిన్న నగరములు నిజమైన హిమాలయములో అనేకములున్నవి. వానిలో గఢ్వాలు సీమలోని శ్రీనగరమొకటి.

శ్రీనగరమనగానే కాశ్మీరము తలపునకు వచ్చుట సహజము. ఇది వేరు. హృషీకేశమునుండి బదరీనాథమునకు పోవు దారిలో, నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసిన పిమ్మట, అలకనందకు ఎడమ గట్టున ఈ ఊరు కనబడును. ఉత్తరాఖండ రాష్ట్రమున పౌరీ జిల్లాలోనిది. ఇచటికి దిగువను దేవప్రయాగయొద్ద అలకనంద భాగీరథితో కలిసి గంగయను పేరు దాల్చును. ఎగువను రుద్రప్రయాగయొద్ద మందాకిని వచ్చి అలకనందలో కలియును. ఈ రెండు ప్రయాగలకు నడుమనున్నందున శ్రీనగరము యాత్రికులకు ఒక రాత్రి మజిలీగా ఏర్పడినది. బదరీయాత్ర చేసిన తెలుగువారిలో ఈ ఊరు చూడనివారు అరుదు. ఈ ఊరిని తెలిసికొన్నవారు అంతకంటె అరుదు. చీకటి పడినపుడు బస్సు దిగుదురు, తెల్లవారకముందే బస్సెక్కుదురు.

దిగినవారికి మొదట కలుగునది ఆశ్చర్యము. హిమాలయమనుకొని వచ్చినవారికి ఇచ్చట వేసవిలో చెమట పట్టును. సముద్రమట్టమునకు ఈ ఊరి ఎత్తు ఇంచుమించు 560 మీటర్లు మాత్రమే. నలుదిక్కుల కొండలు కోటగోడలవలె నిలిచి వేడిగాలిని లోపలనే నిలుపును. ఉన్ని దుస్తులు మరల పెట్టెలలోనికి పోవును.

ఇంకొక విశేషము లోయ వెడల్పు. దేవప్రయాగవరకును కొండ కొండను ఒరసికొనుచు, నది ఎక్కడనో లోతున సన్నని తాడువలె కనబడుచుండును. శ్రీనగరము దగ్గరపడగానే కొండలు వెనుకకు జరిగి నేల విశాలమగును. ఆ నేలయు సమముగా నుండదు. ఘాటు మెట్లవలె అంతరువులు అంతరువులుగా నుండును. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క కాలమున నది తెచ్చి పేర్చిన గులకరాళ్లు, ఇసుక, ఒండ్రుమట్టి. ఇరుకు దారిలో వడిగా వచ్చిన నీరు వెడల్పైన చోట నెమ్మదించును. నెమ్మదించిన నీరు తాను మోసికొని వచ్చిన బరువును దించివేయును. ఈ చిన్న సూత్రము జ్ఞాపకమున్నచో శ్రీనగరపు చరిత్రలో సగము తెలిసినట్లే. ఊరు కట్టుకొనుటకు ఇచ్చట చోటు కలిగినది ఈ కారణముచేతనే. ఆ ఊరిలోనికి నది మట్టిని తెచ్చి పోయుటకును కారణమిదియే.

పదునారవ శతాబ్ది తొలినాళ్లలో అజయపాలుడను రాజు గఢ్వాలులోని కోటలన్నిటిని ఒక్క ఏలుబడి క్రిందికి తెచ్చి, రాజధానిని ఈ లోయకు మార్చెనని ఆ సీమవారి పరంపర చెప్పుచున్నది. ఆ కోటలు ఏబదిరెండని లెక్క. కొండపై దుర్గములలో నుండదగిన రాజు నది యొడ్డుకు దిగి వచ్చుట ధైర్యముతో కూడిన పనియే. వ్యాపారపు దారియు యాత్రికుల దారియు రెండును ఇటనే పోవుటచే, శత్రుభయము కంటె సుంకము ముఖ్యమని ఆయన తలచియుండును. 1624లో ఆంటోనియో ద ఆంద్రాద్ అను పోర్చుగీసు పాదిరి యాత్రికుల నడుమ మారువేషమున టిబెట్టునకు పోవుచు ఈ దారిన వచ్చెను. శ్రీనగరమున రాజోద్యోగులు ఆయనను ఆపి గట్టిగా ప్రశ్నించిరి. హిమాలయమును దాటి టిబెట్టు చేరిన తొలి ఐరోపావారిలో ఆయన యొకడు.

1658లో వచ్చిన అతిథి మరింత పెద్దవాడు. ఢిల్లీ సింహాసనమునకై జరిగిన అన్నదమ్ముల పోరులో ఓడిన దారా షికో కుమారుడు సులేమాన్ షికో ఈ రాజునొద్ద తల దాచుకొనెను. రెండేండ్లు గడచిన పిదప ఔరంగజేబు ఒత్తిడికి లొంగి గఢ్వాలువారు అతనిని అప్పగించిరి. శరణు ఇచ్చుటయు, ఇచ్చిన శరణు నిలువకుండుటయు రెండును ఆ ఊరి కథలో చేరినవి. అతని వెంట వచ్చిన చిత్రకారులు మాత్రము ఇచ్చటనే నిలిచిపోయిరి. వారి వంశమువాడే మోలారాము (1743–1833). గఢ్వాలు చిత్రకళయనగానే వినబడు పేరు అతనిది. కుంచెతో పాటు కలమును పట్టి రాజవంశ చరిత్రమును పద్యములలో వ్రాసినవాడు. 1803లో వచ్చిన భూకంపముచే ఊరు శిథిలమగుట, వెంటనే గూర్ఖాలు దండెత్తి వచ్చుట, 1804లో రాజు ప్రద్యుమ్నషా యుద్ధమున మడియుట, 1815లో గూర్ఖాలు పోయి ఆంగ్లేయులు వచ్చుట, అన్నియు అతని కన్నుల ముందే జరిగినవి. కొత్త ఏర్పాటులో శ్రీనగరము ఆంగ్లేయుల భాగమున పడెను. రాజు సుదర్శనషా టెహ్రీకి పోయి అచ్చట రాజధాని కట్టుకొనెను. ఇచ్చటి రాజభవనము పాడుపడి మిగిలెను. కొన్నాళ్లకు జిల్లా కచేరి సైతము కొండమీది పౌరీకి తరలిపోయెను. రాజు లేని రాజధాని, కచేరి లేని పట్టణము. ఐనను బజారు నిలిచెను.

ఆ ఊరిని నది ఒక్క రాత్రిలో తుడిచివేసిన కథ 1894 నాటిది. దానిని ప్రళయ వృత్తాంతముగా చెప్పుట వాడుక. అది అసలు లెక్కల వృత్తాంతము. పాఠశాలలో గణితమెందుకని అడుగు బాలునకు చెప్పదగిన కథ.

1893 సెప్టెంబరులో, శ్రీనగరమునకు చాల ఎగువను, అలకనందలో కలియు బిరహీగంగ అను చిన్న యేటి లోయలో గోహ్నా అను గ్రామము చెంత ఒక కొండచరియ విరిగిపడెను. ఒక్క గంటలో కాదు, కొన్ని దినములపాటు పడుచునేయుండెను. పడిన రాళ్లు, మట్టి ఇంచుమించు 900 అడుగుల ఎత్తున అడ్డుకట్టగా నిలిచి ఏటిని మూసివేసెను. వెనుక నీరు నిలువసాగెను. ఆ వార్త మొదట పైవారికి చేరినది ఒక పట్వారీ వలన. పట్వారీ యనగా మన కరణము వంటివాడు. కొండ పడినదను కబురు మొదట కచేరిలో ఎవరికిని పెద్ద విషయముగా తోచలేదు. కొండలలో కొండ పడుట వింతయా?

తరువాత పుల్ఫర్డ్ అను ఇంజనీరు అచ్చటికి పోయి చూచెను. ఆయన ముందున్న ప్రశ్నలు రెండు. ఈ కట్ట నీటి బరువునకు విరుగునా? విరుగనిచో నీరు కట్ట తలను దాటి పొర్లునది ఎప్పుడు? కట్ట అడుగుభాగము మిక్కిలి వెడల్పైనది కావున నీరు నిండువరకు నిలుచుననియు, పై అంచును దాటి పారిననాడు మాత్రము కోసికొనిపోవుననియు ఆయన తీర్మానించెను. ఇక మిగిలినది కూడిక. లోయ ఏ ఎత్తున ఎంత వెడల్పున్నదో కొలిచిన, ఆ ఎత్తువరకు పట్టు నీరెంతయో తెలియును. ఏటిలో దినమునకు వచ్చు నీరు, చలికాలమున ఎంత, మంచు కరగునపుడు ఎంత, వానలలో ఎంత యని లెక్కించిన, నిండుటకు పట్టు దినములు తెలియును. ఆ లెక్క ప్రకారము 1894 ఆగస్టు నడుమ నీరు కట్టను దాటునని తేలెను. భూగర్భశాస్త్ర శాఖనుండి హాలండ్ అను నతడును వచ్చి పరిశీలించెను. ఆపుటకు వీలులేని వరద. కాని తిథి తెలిసిన వరద.

తిథి తెలిసిన పిమ్మట జరిగిన యేర్పాటులే ఈ కథలోని సారము. సరస్సునొద్ద క్రుక్‌షాంక్ అను యువ సైనిక ఇంజనీరును కాపుంచిరి. గోహ్నానుండి హరిద్వారమువరకు, సుమారు నూటయేబది మైళ్ల దూరము, తంతి లాగిరి. తపాలా మనిషి కాలినడకన పోవు కొండదారిలో కేవలము ఒక్క వార్తకొరకై తీగ వేసిరన్నమాట: నీరు కదలినదను వార్త. లోయ పొడవున వరద ఎంత ఎత్తున రాగలదో అంచనా కట్టి, ఆ హద్దును చూపుచు రాతి స్తంభములు కట్టించిరి. అక్షరము రానివాడును ఆ స్తంభమునకు పైన నిలిచినచో బ్రదుకును, క్రింద నిలిచినచో బ్రదుకడు. గోదావరి తీరపు తెలుగువారికి ఇది తెలియని భాష కాదు. భద్రాచలమునొద్ద నీరు 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48 అడుగులైన రెండవది, 53 అడుగులైన మూడవది. ఆ అంకెలను బట్టి లంకలవారు మూట ముల్లె సర్దుకొందురు. అలకనందలో నాడు చేసినదియు అదియే. యాత్రికులను వేరు దారిన మరలించిరి. వ్రేలాడు వంతెనలు కొన్నిటిని ముందుగనే విప్పి దాచిరి. శ్రీనగరవాసులు ఎత్తైన నేలకు తరలిరి.

తరలుట యన్న మాట వ్రాయుట సులభము. నది ఇంకను నిర్మలముగా, మునుపటికంటె సన్నగా పారుచుండగా, ఎండ కాయుచుండగా, ఎవడో కాగితముమీద వేసిన లెక్కను నమ్మి, తాతలనాటి ఇంటికి తాళము వేసి పోవలెను. దుకాణపు సరకు మోయవలెను. ధాన్యము, పశువులు, వృద్ధులు, ఆపైన వానకాలము. చెప్పిన దినములు వచ్చి గడచెను, వరద రాలేదు. అట్టి వేళ జనులు నవ్వి ఇండ్లకు మరలిపోవుట లోకసహజము. లెక్క పది దినములు తప్పినది గాని లెక్క కట్టినవారిమీద నమ్మకము తప్పలేదు. ఈ సంగతిని ఇంజనీరుల గొప్పగా మాత్రమే చెప్పుట న్యాయము కాదు. నమ్మినవారి గొప్పయు అందున్నది.

ఆగస్టు 25వ తేదీన నీరు కట్ట అంచును దాటెను. ఆ రాత్రి కట్ట కోసికొనిపోయెను. కొన్ని గంటలలో ఇంచుమించు వేయి కోట్ల ఘనపుటడుగుల నీరు లోయలో పడెను. తంతిమీద వార్త దిగువకు పరుగెత్తెను. దాని వెనుక నది పరుగెత్తెను. తెల్లవారునప్పటికి శ్రీనగరములో బజారు లేదు, ఇండ్లు లేవు, అజయపాలుని వంశము కట్టిన రాజభవనపు శిథిలములు సైతము లేవు. వడి తగ్గిన నీరు వదలిన రాళ్లు, ఇసుక ఆ చోటనెల్ల పరచుకొనియుండెను. హరిద్వారము దగ్గర కాలువ నిర్మాణములకు సైతము నష్టము కలిగెను.

అంతటి వరదలో చనిపోయినవారు అయిదుగురు. వారు ఒక ఫకీరును అతని కుటుంబమును. ఒకమారు ఆ చోటినుండి తరలింపబడియు మరల వచ్చి, కట్టకు దిగువనే నిలిచినవారు. వారు ఎందుకు తిరిగి వచ్చిరో ఎవరికిని తెలియదు. లోయ పొడవున మరి యెవ్వరును పోలేదు.

పాత ఊరు పోయిన పిదప కొత్త ఊరిని పైమెట్టుమీద కట్టిరి. కొండ ఊళ్లలో వీధి యనగా మేక నడచిన దారి. ఎటు వంగిన అటు పోవును. ఈ కొత్త శ్రీనగరమునకు మాత్రము వీధులు తిన్నగా, అడ్డముగా, నిలువుగా, చదరంగపు పలకవలె గీయబడినవి. జయపురమును పోలినదని అచ్చటివారు గర్వముగా చెప్పుకొందురు. పాత వాటిలో కమలేశ్వరాలయము నేటికిని ఉన్నది. కార్తికములో వైకుంఠ చతుర్దశి రాత్రి సంతానము కోరు దంపతులు అచ్చట చేత దీపము పట్టుకొని తెల్లవార్లు నిలువబడుదురు. కూర్చుండరాదు, దీపము ఆరరాదు. రాజభవనము పోయిన ఊరిలో ఈ ఆచారము నిలిచియున్నది.

గోహ్నా సరస్సు నాడు పూర్తిగా ఇంకిపోలేదు. కట్ట అడుగుభాగము మిగిలి, దాని వెనుక చిన్న సరస్సు ఒకటి ఏబది యేండ్లకు పైగా నిలిచెను. దానిని అందరును మరచిరి. ఈలోగా పై కొండలలో చెట్లు విస్తారముగా నరకబడెను. 1970 జూలైలో కుంభవృష్టి కురిసి అలకనంద పొంగినపుడు ఆ సరస్సును పోయెను. బేలాకూచీ యను గ్రామము కొట్టుకొనిపోయెను. ఈమారు ముందు చెప్పినవాడు లేడు. ఆ వరద చూచిన కొండ ప్రజలు అడవి నరకుటకును వరదకును గల సంబంధమును ఏ శాస్త్రవేత్తయు చెప్పకయే గ్రహించిరి. 1973లో మండల్ గ్రామమునొద్ద, 1974లో రేణీ గ్రామమున గౌరాదేవి నాయకత్వమున స్త్రీలు చెట్లను కౌగిలించి కాపాడుకొనుటకు నిలిచిన చిప్కో ఉద్యమమునకు ఈ వరద ఒక మూలము.

తరువాతి ఘట్టములో తెలుగునేలకును కొంత పాలు కలదు. శ్రీనగరమునకు ఎగువను అలకనందకు అడ్డముగా 330 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రమును నిర్మించినది హైదరాబాదునకు చెందిన సంస్థ. ఆనకట్ట వెనుక నీరు నిలుచుటచే, ఊరికి సుమారు 15 కిలోమీటర్ల ఎగువను నది గట్టుననున్న ధారీదేవి విగ్రహమును ఎత్తైన వేదికపైకి మార్చవలసి వచ్చెను. ఆ మార్పు జరిగినది 2013 జూన్ 16వ తేదీన. ఆ రాత్రియు మరునాడును కేదారనాథము మొదలు లోయలన్నిటను చెప్పరాని వరద వచ్చెను. వేలమంది మరణించిరి. దేవిని కదల్చినందుకే ఇట్లయ్యెనని చుట్టుపట్ల గ్రామములవారు అనేకులు నమ్మిరి, నేటికిని నమ్మువారున్నారు. వాన అంతకు ముందే మొదలైనది. ఐనను ఆ నమ్మకమును పరిహసించుట తగదు. తమను అడుగకుండ తమ నదిని కదల్చిరన్న బాధకు వారికి దొరికిన మాట అది.

శ్రీనగరమున ఆ యేడు జరిగినది మాత్రము ఘాటుమెట్ల సూత్రమే. నిర్మాణమునకై త్రవ్విన మట్టిని నది గట్లమీద కుప్పలుగా పోసియుంచిరి. వరద ఆ కుప్పలను ఎత్తుకొని వచ్చి, లోయ వెడల్పైన చోట, అనగా ఊరి దిగువ పేటలలో, దించివేసెను. ఇండ్ల అంతస్తులు మట్టిలో కూరుకొనిపోయినవి. నీరు వచ్చినచో పోవును. మట్టి వచ్చిన ఇంటిలో మరల పొయ్యి రాజేయుటకు ఏండ్లు పట్టును. బాధితులు జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయిరి. ఇది దైవఘటన యని నిర్మాణ సంస్థ వాదించెను. 2016లో న్యాయస్థానము ఆ వాదమును తోసివేసి, తొమ్మిది కోట్ల రూపాయలకు పైగా నష్టపరిహారము చెల్లింపుమని తీర్పు చెప్పెను. గ్రామీణులు దేవి కోపమనిరి, సంస్థయు దైవమే యనెను. గట్టుమీద మట్టి పోసినదెవరని అడిగినది న్యాయస్థానము.

2021 ఫిబ్రవరి 7వ తేదీన, చిప్కో నడచిన ఆ రేణీ గ్రామమునొద్దనే, ఋషిగంగలో పట్టపగలు రాయియు మంచును కలిసిన వరద వచ్చి రెండువందలకు పైబడి జనము చనిపోయిరి లేక కానరాక పోయిరి. సొరంగములో పనిచేయుచున్న కూలీలకు వార్త చేర్చు సాధనము లేకపోయెను. పై ఊరివారు కొండమీదినుండి కేకలు వేసిరి. 1894లో తీగ ఉండెను. 2021లో చేతిచేత ఫోను ఉండియు ఆ యేటికి కాపుమనిషి లేడు.

ఇంతయు విన్నవారు ఆ ఊరిలో జనులెట్లుందురని అడుగవచ్చును. అందరివలెనే ఉందురు. 1973లో నెలకొల్పబడిన గఢ్వాలు విశ్వవిద్యాలయము ఇచ్చటనే యున్నది. సమీప గ్రామమున పుట్టిన హేమవతీనందన్ బహుగుణ పేరు దానికి తరువాత పెట్టబడినది; 2009లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. వైద్య కళాశాల, జాతీయ సాంకేతిక సంస్థ కూడ వచ్చినవి. రాజులు, కచేరీలు విడిచిపోయిన ఊరిని విద్యార్థులు నింపినారు. ఉద్యోగములకై జనము దిగువకు పోవుటచే తలుపులు మూతపడిన గ్రామములు గఢ్వాలులో వందలకొలది ఉన్నవి. ఆ గ్రామముల పిల్లలు కొందరు ఢిల్లీకి పోవుటకు ముందు ఆగు చోటు శ్రీనగరము. విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్రజ్ఞులు ఈ లోయలోని మట్టిపొరలను త్రవ్వి, ఏ పొర ఏ వరదదో చదువుచున్నారు. పాఠ్యపుస్తకము కిటికీ బయటనే పరచియున్నది.

ఇప్పుడు హృషీకేశమునుండి కర్ణప్రయాగకు రైలుమార్గము నిర్మింపబడుచున్నది. దాని పొడవు 125 కిలోమీటర్లు. అందు నూటికి పైబడిన కిలోమీటర్లు సొరంగములే. శ్రీనగరపు స్టేషను నదికి ఆవలి గట్టున లేచుచున్నది. ఆ మార్గము పూర్తియైన నాడు బదరీకి పోవు తెలుగు యాత్రికుడు త్రోవ పొడవున కొండ కడుపులోనే ప్రయాణము చేసి, నడుమ కొద్దిచోట్ల మాత్రము వెలుగులోనికి వచ్చును. ఆ వెలుగులో అతనికి కనబడువానిలో ఈ వెడల్పైన లోయ ఒకటి. నది, ఆవలిగట్టున మెట్లు మెట్లుగా నేల, పైమెట్టుమీద తిన్నని వీధుల ఊరు, క్రిందిమెట్టుమీద ఇసుక.